ఒకే షీల్డు, పదకొండు జట్లు

జూన్ 24

కళాశాలలకు గ్రేడులిచ్చే నాక్ బృందం తనిఖీకి వస్తుందంటే మా కళాశాలలో మొదట గోడలకు సున్నం పడుతుంది, ఆ తర్వాత పాత ఫొటోలు గుర్తొస్తాయి. ఈసారి ఆ రెండో పని నా మీద పడింది. నేను లైబ్రేరియన్‌ని. పాతబడిన కాగితం ఏదైనా సరే నాకే చెందుతుందని ఇక్కడ అందరికీ గట్టి నమ్మకం.

"గేమ్స్ రూములో ఆటల ఫొటోలు చాలా ఉన్నాయి. మంచివి ఒక ఇరవై ఏరి, పెద్దవి చేయించి వరండాలో పెట్టించండి" అన్నారు ప్రిన్సిపల్ గారు. ఇరవై ఏరాలంటే ముందు మొత్తం ఎన్ని ఉన్నాయో తెలియాలి కదా అన్నాను. "అది మీ ఇష్టం" అన్నారు. ఈ డైరీ ఆ మాట దగ్గర మొదలవుతోంది.

గేమ్స్ రూము తలుపు తీయగానే తోలు, ఎలుకలు, పాత క్రికెట్ ప్యాడ్లు కలగలిసిన వాసన మొహాన కొట్టింది. గోడల మీద చట్రాల్లో 41 ఫొటోలు. బీరువా వెనక ఉన్న ఇనుప ట్రంకు పెట్టెలో, గాలి పోయిన బంతుల కింద, 118 విడి ప్రింట్లు. కిటికీ గూట్లో ఒక బిస్కెట్ల డబ్బా, దాని నిండా చుట్టలు చుట్టిన నెగటివ్‌లు. ట్రంకు పెట్టెలో ఎవరో పుణ్యాత్ములు గుప్పెడు కలరా ఉండలు వేశారు. పురుగులకు మంచి మందే కానీ ఆ ఆవిరి ఫొటోలకు పడదు. ఏరి బయట పారేశాను.

ఈ రోజు చేసిన పని అంతే. దేన్నీ తుడవలేదు.

జూన్ 26

నేను తుడవలేదు కానీ తుడిచినవారు ఉన్నారు. గోడ మీది చట్రాలు దించమని చెబితే మా అటెండర్ మంచి మనసుతో ఒక అడుగు ముందుకేశాడు. ఒక చట్రం అద్దం తీసి లోపలి ఫొటోను తడిగుడ్డతో శుభ్రం చేశాడు. పాత నలుపు తెలుపు ఫొటోలో బొమ్మ ఉండేది కాగితంలో కాదు, కాగితం మీద పూసిన జెలటిన్ పొరలో. ఆ పొర నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది, గుడ్డకు అంటుకుని లేచిపోతుంది. కుడి చివర నిలుచున్న ఆటగాడి మొహం లేచి గుడ్డకు వచ్చేసింది. అటెండర్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తప్పు నాది. ఏం చేయాలో చెప్పాను కానీ ఏం చేయకూడదో చెప్పలేదు.

సాయంత్రం ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి తలుపుకు అంటించాను: నీళ్ళు వద్దు, నోటితో ఊదవద్దు, సెల్లోటేపు వద్దు, వెనక పెన్నుతో రాయవద్దు. నంబరు వేయాల్సి వస్తే మెత్తని పెన్సిల్‌తో, ప్రింటును అద్దం మీద బోర్లా పెట్టి, అంచున మాత్రమే.

జూన్ 30

సామాను సమకూరింది. ఏ4 సైజు ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఒకటి, మెత్తని బ్రష్షు రెండు, గాలి కొట్టే రబ్బరు బల్బు, నైట్రైల్ చేతి తొడుగుల డబ్బా, రెండు టేబుల్ లైట్లు, ఫిజిక్స్ విభాగం నుంచి అరువు తెచ్చిన ఒక స్టాండు. నూలు తొడుగులు కూడా తెచ్చారు కానీ వాటిని పక్కన పెట్టాను. చూడ్డానికి బాగుంటాయి, కానీ వేళ్ళకు పట్టు తెలియదు. ప్రింటు జారి పడుతుంది, చీరిన అంచులు దారాలకు తగులుకుంటాయి.

సాయానికి ఇద్దరు విద్యార్థులు దొరికారు. బీఎస్సీ కంప్యూటర్స్ చదివే అమ్మాయి, బీఏ చరిత్ర చదివే అబ్బాయి. అమ్మాయి మొదటి రోజే నా ఫైలు పేర్ల పద్ధతిని కొట్టిపారేసింది. నేను "వాలీబాల్ జట్టు 1" అని పెడదామనుకున్నాను. "ఇది వాలీబాల్ కాదని రేపు తేలితే పేరు మార్చాలి కదా సార్. నంబరు మాత్రమే పెడదాం, మిగతాదంతా పట్టికలో రాద్దాం" అంది. సరే అన్నాను.

జూలై 4

స్కానింగ్ లెక్కలు కుదిరాయి. ప్రింట్లకు అంగుళానికి 600 చుక్కలు, టిఫ్ ఫైలు, నలుపు తెలుపు ఫొటో అయినా రంగుల్లోనే స్కాన్ చేయడం. గోధుమ రంగు మరకలు, అంచుల నీలి మెరుపు కూడా ఆ ఫొటో చరిత్రలో భాగమే కనుక. 8 అంగుళాలకు 10 అంగుళాల ప్రింటు ఒకటి 86 మెగాబైట్లకు పైగా వస్తోంది. ప్రిన్సిపల్ గారికి వాట్సాప్‌లో పంపడానికి విడిగా చిన్న జేపీజీ. అసలు టిఫ్ జోలికి ఎవరూ పోకూడదు, వెలుగు సరిచేయడాలూ గీతలు చెరపడాలూ అన్నీ నకలు మీదే. మూడు ప్రతులు ఉంటాయి: లైబ్రరీ కంప్యూటర్‌లో ఒకటి, బయటి హార్డ్ డిస్కులో ఒకటి, మరో డిస్కు కళాశాల ఆవరణ దాటి వేరే ఇంట్లో.

మధ్యాహ్నం మూడు సార్లు కరెంటు పోయింది. మూడో సారి పోయాక ఇంటికి వెళ్ళిపోయాను.

జూలై 9

అద్దానికి అతుక్కుపోయిన ఫొటోలు పన్నెండు తేలాయి. వానాకాలం తేమకు జెలటిన్ మెత్తబడి అద్దాన్ని పట్టుకుంటుంది, ఎండాకాలం ఎండి బిగుసుకుంటుంది. కొన్ని పదుల ఏళ్ళు ఇలా నడిస్తే అద్దం, ఫొటో ఒకటే వస్తువు అవుతాయి. బ్లేడుతో లేపుదాం అన్న సలహాలు చాలా వచ్చాయి. వినలేదు. అద్దం మీదుగానే కెమెరాతో తీశాం. రెండు లైట్లు చెరో పక్క 45 డిగ్రీల వాలులో పెట్టి, కెమెరా ముందు నల్ల గుడ్డ వేలాడదీసి, దానికి లెన్సు పట్టేంత కన్నం చేశాం. ఆ గుడ్డ లేకపోతే ప్రతి ఫొటోలోనూ మధ్య వరసలో నా మొహం కనిపిస్తోంది. చరిత్ర అబ్బాయికి అది బాగా నచ్చింది. "మీరు కూడా ఫుట్‌బాల్ ఆడారు సార్" అన్నాడు.

జూలై 15

సగం స్కానింగ్ అయింది. ఇన్ని ఆటల ఫొటోలు చూశాను, ఒక్కదానిలోనూ ఆట లేదు.

అంతా గ్రూపు ఫొటోలే. ముందు వరస కుర్చీల్లో ప్రిన్సిపల్, పీడీ (ఆటల మాస్టారు), ఒకరిద్దరు లెక్చరర్లు, కెప్టెన్. వెనక రెండు వరసలు నిలుచున్నవారు. నేల మీద బాసింపట్టు వేసుకున్న ఇద్దరు, వాళ్ళ మధ్య బంతి. అట్ట మీద తెల్ల సిరాతో "కూర్చున్నవారు ఎడమ నుంచి కుడికి". అధ్యాపకులకు పూర్తి పేరు, పక్కన డిగ్రీలు కూడా. ఆటగాళ్ళకు ఇంటిపేరు పొడి అక్షరం, పేరులో ఒక ముక్క.

మొదట నిరాశ పడ్డాను. ఎగిరి స్మాష్ కొడుతున్న కుర్రవాడు, కూతకు వెళ్ళి గీత తాకుతున్న కబడ్డీ ఆటగాడు, అలాంటివి వరండాలో పెడితే ఎంత బాగుండును! కానీ ఆలోచిస్తే అవి ఉండే అవకాశమే తక్కువ. స్టూడియో కెమెరా అంటే మూడు కాళ్ళ స్టాండు, నల్ల గుడ్డ, కదలవద్దు అన్న హెచ్చరిక. ఆస్తిపరుల ఇళ్ళలో ఉంటే ఉండేది ఆగ్ఫా క్లిక్ త్రీ డబ్బా కెమెరా. ఒక రోలుకు పన్నెండు బొమ్మలు, షట్టర్ వేగం మార్చుకునే వీలు లేదు. పరుగెత్తే మనిషిని దానితో తీస్తే పొగ వస్తుంది. ఫిల్ము ఖరీదు సరేసరి. అందుకే అప్పటివారు ఆటను ఆడారు, ఆట అయిపోయాక ఫొటో దిగారు. దిగడం అన్న మాటే చెబుతోంది, అది ఇంకో పని అని.

బిస్కెట్ల డబ్బాలో మాత్రం ఒక్క హైజంపు దొరికింది. మనిషి సగం చెరిగిపోయాడు కానీ కాళ్ళు తెలుస్తున్నాయి. కత్తెర దూకుడు, అవతల ఇసుక గుంట. వెనక్కి వాలి వీపుతో కర్ర దాటే ఫాస్‌బరీ పద్ధతిని ప్రపంచం చూసింది 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో. ఇసుక గుంటలోకి వీపుతో పడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు కనుక మా దగ్గర కత్తెరే చాలా కాలం నడిచి ఉంటుంది. అందువల్ల ఆ దూకుడు చూసి సంవత్సరం చెప్పే సాహసం చేయడం లేదు.

జూలై 18

నెగటివ్‌లను పొరపాటున కుడి ఎడమలు తారుమారయ్యేలా తిరగేసి స్కాన్ చేశాం. పదహారు! ఎవరికీ తెలియలేదు. జెర్సీల మీద అంకెలు లేవు, బ్యానర్లు లేవు. చివరికి పట్టిచ్చింది మా ఊరి లతీఫ్ సాహెబ్ గుట్ట. లాప్‌టాప్ పట్టుకుని మైదానంలోకి వెళ్ళి, ఫొటోగ్రాఫరు నిలుచున్న చోటు వెతికి చూస్తే, కుడికి దిగాల్సిన గుట్ట వాలు ఫొటోలో ఎడమకు దిగుతోంది. చుట్టూ భవనాలు లేచాయి, చెట్లు పోయాయి, కొత్త చెట్లు వచ్చాయి, గుట్ట మాత్రం గీత చెరగకుండా ఉంది.

అయితే గుట్ట కనిపించని ఫొటోల సంగతి? అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. మగవారి చొక్కాకు ఎడమ అంచు పైకి వచ్చి కుడి అంచు మీద కప్పుతుంది. అది తారుమారుగా ఉంటే ఫొటో తిరగబడినట్టు. ఇంత చదువు చదివి చొక్కా వైపు చూడనేలేదు నేను.

జూలై 25

సంవత్సరాలు వేసే పని. చట్రాల్లో ఉన్నవాటికి చాలా మటుకు అట్ట మీదే ఉంది. విడి ప్రింట్లలో మూడు వంతుల వాటికి ఏమీ లేదు. ఆధారాలు ఎక్కడెక్కడి నుంచో ఏరుకోవాలి.

వెనక వైపు మంచి ఆధారాలున్నాయి. ఊటీ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి "ఇందు" ముద్ర కాగితం వెనక ఉంటే అది 1967కు ముందుది కాదు, ఆ కర్మాగారంలో ఉత్పత్తి మొదలైంది అప్పుడే. స్టూడియో పేరు అట్ట మీద సిరా లేకుండా ఉబ్బెత్తుగా అచ్చొత్తి ఉంటుంది. ఎదురు వెలుగులో కనపడదు, గది చీకటి చేసి టార్చిలైటు బల్లకు సమానంగా పక్క నుంచి వేస్తే అక్షరాలు లేచి నిలబడతాయి.

ముందు వైపు ఆధారాలు ఇంకా సరదాగా ఉంటాయి. బంతికి బూటులా లేసు కట్టి ఉందా, అంటే లోపల బ్లాడరు పెట్టి కుట్టిన పాత తోలు బంతి. బాల్ బ్యాడ్మింటన్ బ్యాట్లు చెక్క చట్రాల్లో బిగించి, నాలుగు మూలలా మరలు తిప్పి ఉన్నాయా? వానాకాలంలో చెక్క వంకర పోకుండా అలా బిగించేవారు. ఒక ఫొటోలో పరుగు పందెం పలక మీద 440 గజాలు అని ఉంది. దేశం మెట్రిక్ కొలతలకు 1950ల చివర్లో మళ్ళడం మొదలుపెట్టింది, 1962కల్లా అది తప్పనిసరి అయింది. ఆటల మైదానం చట్టం కన్నా ఒకటి రెండేళ్ళు వెనక నడిచినా, ఆ ఫొటోను 1960ల మధ్యకు ఇవతలికి తేలేం. ఇటువైపు చివరి రంగుల ఫొటోల్లో వాలీబాల్ జట్టులో ఒక్కడు వేరే రంగు చొక్కాలో ఉంటే అతను లిబరో, అంటే వెనక వరసలో రక్షణకే పరిమితమైన ఆటగాడు. ఆ నియమం వచ్చింది 1998లో. "పాపం, జట్టు చొక్కా అతనికి సరిపోలేదేమో" అనుకున్నాను మొదట.

అన్నిటికన్నా నమ్మకమైనది స్టాక్ రిజిస్టరు. ఎన్ని బంతులు కొన్నారు, ఎన్ని పాడయ్యాయి, ఏ తేదీన నెట్టు చిరిగింది, అన్నీ రాసి ఉన్నాయి. ఆడిట్ భయం చరిత్రకు చేసిన మేలు చరిత్రకారులు కూడా చేయలేదు.

జూలై 29

ఈ రోజు ఒక ఫొటో బయటి నుంచి వచ్చింది. మా పని సంగతి విని, పట్టణంలో ఒక పెద్దాయన తన తండ్రి దిగిన ఫుట్‌బాల్ జట్టు ఫొటో తెచ్చారు. కళాశాలది కాదు, అంతకు ముందటి హైస్కూలుది. కింద అంతా ఉర్దూలో ఉంది. అంకెలు 1355 అని మా ఉర్దూ లెక్చరర్ చదివారు. "హిజ్రీ అయితే 1936 అవుతుంది" అన్నాడు మా చరిత్ర అబ్బాయి, ఫోనులో లెక్క చూసి.

లెక్చరర్ నవ్వి పక్కనున్న మాట చూపించారు: బహ్మన్. అది హిజ్రీ నెల కాదు. నిజాం పాలనలో సర్కారు కాగితాలన్నీ నడిచిన ఫసలీ సంవత్సరం నెల. ఫసలీ ఏడు అక్టోబరులో ఆజుర్ నెలతో మొదలయ్యేది, బహ్మన్ మూడో నెల. ఫసలీకి 590 కలిపితే ఆ ఏడాది మొదటి నెలల ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. అంటే డిసెంబరు 1945 ప్రాంతం. ఒక్క మాట చదవకపోతే తొమ్మిదేళ్ళు తప్పిపోయేవాళ్ళం.

ఆ ఫసలీ సంవత్సరం ముగియకముందే, 1946 జూలై 4న, అప్పటి నల్లగొండ జిల్లాలోని కడవెండిలో తెలంగాణ రైతాంగ పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమరయ్య తూటాకు ఒరిగాడు. ఫొటోలో పిల్లలకు అదేమీ తెలియదు, బిగుసుకుని కూర్చున్నారు. పదకొండు మందిలో బూట్లున్నవి ముగ్గురికి. మిగతా వాళ్ళకు చీలమండలకు గుడ్డ పట్టీలు, కింద ఉత్త పాదాలు. "పేదరికం సార్" అన్నాడు అబ్బాయి. కొంత అదీ కావచ్చు. కానీ 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో ఆడిన భారత జట్టులో కూడా ఎక్కువ మంది ఉత్త కాళ్ళతోనే ఆడారు. 2-1తో ఓడినా ఆ కాళ్ళ గురించి లోకం చెప్పుకుంది. తర్వాతి ఒలింపిక్స్‌లో, హెల్సింకి చలిలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాకే బూట్ల మాట గట్టిగా వచ్చింది. ఆ రోజుల్లోనే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు, రహీం సాబ్ శిక్షణలో, 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు సార్లు రోవర్స్ కప్పు ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది. బంతిని నేల మీద చిన్న చిన్న పాసులతో ఆడించడం ఆయన బడి. ఈ ముగ్గురు బూట్ల వాళ్ళు, ఎనిమిది మంది పట్టీల వాళ్ళు రేడియోలోనో పేపర్లోనో ఆ కబుర్లు విని ఉంటారా అని పెద్దాయనను అడిగాను. "నాన్న రహీం సాబ్ పేరు చెప్పినప్పుడల్లా లేచి నిలబడేవాడు" అన్నారు.

ఫొటో స్కాన్ చేసి, అసలుది ఆయన చేతికే ఇచ్చేశాను. ఇంట్లో దాని చోటు దానికుంది.

ఆగస్టు 3

రెండు రోజుల వాన. గేమ్స్ రూము ఈశాన్య మూల కారింది. ముందే ట్రంకు పెట్టెను లైబ్రరీకి మార్చాం కనుక బతికిపోయాం.

ఆగస్టు 8

పెద్దవి చేయించడానికి ఇరవై ఫొటోలు ఏరాను. ఎంపికకు నాకు దొరికిన సులువైన కొలబద్ద: షీల్డు ఉన్నవి. కుర్చీల ముందు బల్ల మీద షీల్డు ఉందంటే గెలిచినట్టే కదా. అలాంటివి పదకొండు. పట్టికలో వాటి ఎదురుగా "విజేతలు" అని రాసి ప్రిన్సిపల్ గారికి పంపాను. చాలా సంతోషించారు.

ఆగస్టు 11

సంతోషం మూడు రోజులే నిలిచింది.

అమ్మాయి 1966-67 వాలీబాల్ జట్టు ఫొటోను పెద్దది చేసి మచ్చలు సరిచూస్తోంది. "సార్, వాలీబాల్ షీల్డు మీద మనిషి బంతిని కాలితో తంతున్నాడేమిటి?" అంది.

చూశాను. తంతున్నాడు. షీల్డు నడుమ ఉబ్బెత్తు బొమ్మ, కుడి కాలు పైకి, బంతి గాలిలో. అది ఫుట్‌బాల్ షీల్డు. చుట్టూ చిన్న వెండి బిళ్ళలు, ఏటా గెలిచిన వారి పేరు చెక్కడానికి. ఆ ఫొటోను మళ్ళీ 1200 చుక్కలతో స్కాన్ చేస్తే మూడు బిళ్ళల మీద సంవత్సరాలు చదవగలిగాం: 1960-61, 1961-62, 1962-63. మిగతా బిళ్ళలు ఖాళీ.

ఇక మిగతా పది తీశాం. షీల్డుకు ఎడమ కింది మూల ఒక సొట్ట ఉంది. 1963 ఫుట్‌బాల్ జట్టు ముందు సొట్ట. 1967 వాలీబాల్ ముందు అదే సొట్ట. కబడ్డీ ముందు, బాల్ బ్యాడ్మింటన్ ముందు, ఒక క్రికెట్ జట్టు ముందు కూడా. 1974-75 అమ్మాయిల టెన్నికాయిట్ జట్టు ముందు, ఆరుగురు ఓణీలు దోపుకుని నిలుచుని ఉంటే, వాళ్ళ కాళ్ళ దగ్గర ఆ మనిషి ఇంకా బంతిని తంతూనే ఉన్నాడు.

సంగతి ఏమై ఉంటుందో ఊహించగలం. ఏటా గెలిచినవారి చేతికి మారే రోలింగ్ షీల్డును వరసగా మూడేళ్ళు గెలిస్తే గెలిచినవారికే శాశ్వతంగా ఇచ్చేయడం రివాజు. మా ఫుట్‌బాల్ జట్టు అలా సొంతం చేసుకుని ఉంటుంది. అప్పటి నుంచి అది కళాశాల నగ అయింది. పెళ్ళిచూపులకు పక్కింటి హారం అరువు తెచ్చుకున్నట్టు, ప్రతి జట్టూ ఫొటో రోజున దాన్ని ముందు పెట్టుకుంది.

స్టాక్ రిజిస్టరు ఊహను నిజం చేసింది. 1963 మార్చిలో ఒక పద్దు: ఫుట్‌బాల్ షీల్డు, 1, శాశ్వతం.

ప్రిన్సిపల్ గారితో చెప్పాను. "అయితే ఏం? షీల్డు మనదే కదా" అన్నారు. మనదే. కానీ "విజేతలు" అన్న మాట పది ఫొటోల కింద నుంచి తీసేశాను. ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నారు. ఫైలు పేర్లలో మాత్రం ఒక్కటీ మార్చాల్సిన పని పడలేదు. అమ్మాయి ఏమీ అనలేదు, నా వైపు చూసింది అంతే.

ఆగస్టు 16

పూర్వ విద్యార్థుల వాట్సాప్ గుంపులో ఆ పదకొండు ఫొటోలూ పెట్టించాం. పేర్లు వద్దు, గుర్తుపట్టిన వారు నాకు ఫోను చేయండి అని రాశాం. పేరు వేయాలా వద్దా అన్నది ఎవరికి వారే చెప్పాలి.

టెన్నికాయిట్ జట్టు నుంచి ఒకావిడ ఫోను చేశారు. రిటైరైన టీచరమ్మ, ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఉంటున్నారు. గెలిచారా అని అడిగాను. "ఎక్కడి గెలుపు బాబూ! రెండో రౌండులోనే ఇంటికి వచ్చేశాం. షీల్డు ఎందుకు పెట్టారని అడిగితే, ఫొటో బోసిగా ఉంటుందన్నారు పీడీ సార్" అని పకపకా నవ్వారు. పొద్దున ఆరింటికి, అబ్బాయిలు మైదానానికి రాకముందే, కెమిస్ట్రీ ల్యాబు వెనక ఆడేవారట. ఒక సందులో తాడు కట్టుకుని రబ్బరు రింగుతో. నెట్టు కావాలని అడగడానికి ఏడాది పట్టిందట. రిజిస్టరు తీసి చూస్తే 1975 జనవరిలో ఉంది: టెన్నికాయిట్ నెట్టు, 1. అది చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మిగతా అయిదుగురి పేర్లు చెబుతాను, రాసుకోండి. ఇంటిపేర్లు మాత్రం పుట్టింటివే రాయండి, ఆడింది వాళ్ళే" అన్నారు.

రాసుకున్నాను. ఆ వాక్యం కూడా గమనికల గడిలో చేర్చాను.

ఆగస్టు 22

1966-67 వాలీబాల్ కెప్టెన్ స్వయంగా వచ్చారు. మనవడు బండి మీద దింపి వెళ్ళాడు. ఎనభైకి దగ్గరలో ఉన్నారు కానీ భుజాలు ఇంకా నెట్టు ముందు నిలబడ్డట్టే ఉన్నాయి. ఎడమ చేతి చిటికెన వేలు వంకర. బ్లాకు చేయబోయి విరిగిందట, బస్సు డిపో పక్కన కట్టుకట్టే ఆయన దగ్గరికి నడిచి వెళ్ళారట.

కంప్యూటర్ మీద ఫొటో చూపించాను. కళ్ళజోడు సర్దుకుని ముందు తనను కాదు, షీల్డును చూశారు.

"ఆ ఏడు ఫైనల్లో ఓడిపోయాం. మూడో సెట్టు దాకా లాగి ఓడాం. ఈ షీల్డు ముందు కూర్చోవాలంటే సిగ్గేసింది. కూర్చోమన్నారు, కూర్చున్నాం."

"మీరు గెలవనే లేదా సార్?"

"గెలిచాం. 1968 డిసెంబరులో. దానికి ఫొటో లేదు."

వార్షికోత్సవం ఫిబ్రవరిలో అనుకున్నారట. ఎప్పుడూ ఆ రోజే జట్ల ఫొటోలు తీయించేవారు. స్టూడియోకు బయానా కూడా ఇచ్చారట. జనవరి వచ్చేసరికి ప్రత్యేక తెలంగాణ ఉద్యమం అంటుకుంది. కాలేజీలు మూతపడ్డాయి, పిల్లలు రోడ్ల మీదికి వచ్చారు. జట్టులో ఇద్దరు జైలుకు వెళ్ళారు. ఆ చదువుల సంవత్సరం అలాగే పోయింది. మళ్ళీ తలుపులు తెరిచేసరికి ఫైనలియర్ వాళ్ళు చెల్లాచెదురయ్యారు.

నా పట్టికలో 1968-69 వరస ఖాళీగా ఉన్న సంగతి నాకు నెల కిందటే తెలుసు. అన్ని ఆటలకూ ఖాళీయే. ఫొటోలు పోయాయనుకున్నాను. తీయనేలేదని తట్టలేదు.

ఆయన మాట మీద నమ్మకం లేక కాదు, పని పద్ధతి అది కనుక రిజిస్టరు తెప్పించాను. 1968 డిసెంబరు పుటలో ఉంది: వాలీబాల్ రోలింగ్ కప్పు, 1. పక్క గడిలో వేరే సిరాతో, వేరే చేతిరాతతో: 1970 ఫిబ్రవరి, తిరిగి ఇవ్వబడినది. ఆయన చేత్తో తడుముతూ చదివారు. తొడుగులు వేసుకోమని చెప్పాలనుకుని ఊరుకున్నాను.

ఆగస్టు 23

రాత్రి ఆలోచించి పొద్దున్నే పట్టికలో కొత్త వరస తెరిచాను. నంబరు 0160. వస్తువు: గ్రూపు ఫొటో. స్థితి: తీయలేదు. అమ్మాయి చూసి, లేని ఫొటోకు నంబరు ఇస్తే లెక్క తప్పుతుందని వాదించింది. మొత్తంలో కలపకుండా విడిగా చూపిద్దామని రాజీపడ్డాం. స్కాన్ ఉండాల్సిన చోట రిజిస్టరు పుట స్కాన్ పెట్టాం.

తర్వాత కెప్టెన్ గారికి ఫోను చేశాను. ఆ రోజు ఫొటో దిగి ఉంటే ఎవరెక్కడ ఉండేవారో చెప్పగలరా అని అడిగాను. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. కూర్చున్నవారు ఎడమ నుంచి కుడికి, నిలుచున్నవారు ఎడమ నుంచి కుడికి, నేల మీద ఇద్దరు. తనను వెనక వరస చివరన పెట్టుకున్నారు. కెప్టెన్ కుర్చీలో కదా కూర్చోవాలి అంటే, ఆ ఏడు కెప్టెన్ తాను కాదన్నారు. ఆ పిల్లవాడు జైలు నుంచి వచ్చాక మళ్ళీ కాలేజీకి రాలేదట.

అన్నీ రాసుకుని, ముందు బల్ల మీద షీల్డు ఉంటుందా అని అడిగాను.

"షీల్డు కాదు, కప్పు. చిన్నది, చెంబంత ఉంటుంది. దూరం నుంచి తీస్తే కనపడదు. కెప్టెన్ చేతిలో పెట్టండి" అన్నారు.